ఆల్పాకా పిల్లలు వసంతంలో పుట్టాలా, ఎండలు తగ్గాక పుట్టాలా?

ఉన్నిబుట్ట
మా మందలో 11 ఆల్పాకాలు (ఒంటె కుటుంబానికి చెందిన, ఉన్ని కోసం పెంచే జీవులు). చూసుకునేది నేను, మా ఆయన, బడికెళ్ళే ఇద్దరు పిల్లలు. మా దగ్గర చలికాలం పొడుగు. వసంతంలో వానలు ఎక్కువ, నడివేసవిలో మూడు నాలుగు వారాలు గట్టి ఎండలు. ఇన్నేళ్ళూ ఈతలన్నీ వసంతంలోనే పెట్టుకున్నాం.

పోయినేడు మాత్రం ఒకటి ఆలస్యంగా చూడి కట్టి, ఆకులన్నీ రాలిపోయాక ఈనింది. పిల్ల నల్లటిది. (దాన్ని క్రియా అనాలట. నాకు ఆ మాట వింటే వ్యాకరణం క్లాసు గుర్తొస్తుంది, అందుకే పిల్ల అనే అంటాను.) 7 కిలోలు తూగింది, గంటలో లేచి నిలబడింది, ముర్రుపాలు బాగానే తాగింది. మూడో నెల వచ్చేసరికి నడుం వంచుకుని నిలబడటం మొదలైంది. మిగతావాటితో పరుగెత్తేది కాదు, ముందుకాళ్ళు కూడా కాస్త వంకర తిరిగాయి. డాక్టరు రక్తపరీక్ష చేయించి విటమిన్ డి లోపం, ఫాస్ఫరస్ తక్కువ అన్నారు. మందుతో కోలుకుంది కానీ ఆ రెండు నెలలు మాకు నిద్ర లేదు.

ఇప్పుడు ఎండలు తగ్గుముఖం పట్టాయి. రెండు ఆడవి చూడి లేకుండా వట్టిగా ఉన్నాయి. ఇప్పుడు పోతుతో దాటిస్తే పదకొండున్నర నెలలకు, అంటే వచ్చే ఏడు దాదాపు ఇదే వేళకి ఈనతాయి. ఆగితే వసంతంలో దాటించి, ఆపై వసంతంలో పిల్లలను చూడాలి. నాకు ఆగాలని ఉంది. మా ఆయన ఇప్పుడే దాటిద్దామంటారు. ఇంట్లో తేలట్లేదు, మీరు చెప్పండి.

ఆరుబయలు
మీ ఆయనకి నా ఓటు. మేం నాలుగేళ్ళ కిందట ఎండలు తగ్గాక ఈనేలా మార్చుకున్నాం. మళ్ళీ వెనక్కి వెళ్ళే ఆలోచన లేదు.

వసంతం ఎలా ఉంటుందో మీకు తెలియంది కాదు. కత్తిరింపు వాళ్ళు ఫలానా రోజు వస్తామంటారు, సరిగ్గా ఆ రోజే వాన పడుతుంది. తడి ఉన్ని కత్తిరించి మూట గడితే బూజు పడుతుంది కాబట్టి వాళ్ళు వెళ్ళిపోతారు. ఇంకో తేదీ దొరికేసరికి మందలో సగం నిండు చూలుతో ఉంటాయి. ఈ వారమో పై వారమో ఈనబోయేదాన్ని నేలమీద పడుకోబెట్టి, ముందూ వెనకా కాళ్ళకు తాళ్ళు వేసి చాపడానికి నాకు చేతులు రావు. పోనీ వదిలేద్దామంటే, అది ఎండల్లో ఆ బొచ్చంతా మోస్తూ పాలివ్వాలి.

ఇక చలివాన సంగతి. ఆవులా, మేకలా ఆల్పాకా తల్లి పిల్లను నాకదు. ముక్కుతో వాసన చూస్తుంది, గునుస్తుంది, అంతే. తడిపిల్ల ఆరాలంటే ఎండ ఉండాలి, లేదంటే మన తువ్వాలు ఉండాలి. వసంతంలో నేను ఆఫీసులో ఉండగా ఈనిన పిల్లను ఒకసారి చల్లబడిపోయిన స్థితిలో చూశాను. బతికింది, అదృష్టం. ఎండలు తగ్గే వేళ నేల పొడిగా ఉంటుంది, పిల్ల తనంతట తానే ఆరిపోతుంది.

గడ్డివాము
తువ్వాలుతో తుడవడం పది నిమిషాల పని. మెత్తబడ్డ ఎముకలు గట్టిపడటం నెలల పని.

ఈ జీవి పుట్టినచోటు దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండలు. 4,000 మీటర్ల ఎత్తు, భూమధ్యరేఖకు దగ్గర, ఏడాది పొడవునా తీక్షణమైన ఎండ. ఆ ఎండ చర్మాన్ని కాల్చకుండా దట్టమైన బొచ్చు అడ్డుపడుతుంది. అదే జీవిని పొడుగు చలికాలం ఉన్నచోట పెంచితే, ఏటవాలుగా పడే బలహీనమైన ఎండకి కూడా ఆ బొచ్చే అడ్డం. విటమిన్ డి తయారు కాదు. ముదురు రంగువాటికి ఈ ఇబ్బంది ఎక్కువ. తల్లిపాల నుంచి వచ్చేది కూడా కొంచెమే. వసంతంలో పుట్టిన పిల్ల వేసవంతా ఎండలో తిరిగి ఒంట్లో కొంత నిల్వ చేసుకుని చలికాలంలోకి అడుగుపెడుతుంది. ఎండలు తగ్గాక పుట్టినదానికి ఆ నిల్వే ఉండదు, పైగా ఎముకలు వేగంగా పెరిగే వయసు. ఉన్నిబుట్ట గారి పిల్ల విషయంలో జరిగింది సరిగ్గా ఇదే.

ఆరుబయలు
కాదండీ, అక్కడే కలిపేస్తున్నారు. వారి పిల్ల పుట్టింది ఆకులు రాలిపోయాక. నేను చెప్పేది అంతకు రెండు నెలల ముందు సంగతి. ఆ రెండు నెలల ఎండ తక్కువేం కాదు. పైగా చలికాలంలో రెండు నెలలకోసారి, డాక్టరు బరువు చూసి చెప్పిన మోతాదులో విటమిన్ డి వేస్తాం. మీరు మాత్రం వసంతం పిల్లలకి మొదటి చలికాలం వేయరా? ఎలాగూ వేయాల్సిందే కదా.

ఆండీస్ పేరు ఎత్తారు కాబట్టి అడుగుతున్నా. అక్కడ ఈతలు వానల్లోనే, డిసెంబరు నుంచి మార్చి లోపు. గడ్డి ఉన్నప్పుడు ఈనడం అసలు సూత్రం. మాకు ఎండలయ్యాక రెండోసారి గడ్డి మొలుస్తుంది, పాలిచ్చే తల్లులు దాన్నే మేస్తాయి. పాలు మాన్పించే ఆరో నెలకి కొత్త వసంతం గడ్డి సిద్ధం.

గడ్డివాము
వేస్తాం. కానీ వేయడం మర్చిపోయినా బతికేలా ఉండాలి కదా. చిన్న ఇంట్లో మర్చిపోతాం. మర్చిపోయామని రెండింతలు వేస్తే అదీ ప్రమాదమే.

ఆండీస్‌లో డిసెంబరు అంటే భూమికి దక్షిణపు సగంలో ఎండాకాలం. వాన, గడ్డి, నడినెత్తిన సూర్యుడు మూడూ ఒకేసారి వస్తాయి అక్కడ. కాబట్టి ఆ ఉదాహరణ నా పక్షమే.

చిన్నమంద
మా దగ్గర ఎండాకాలమే ఆరు నెలలు. వసంతంలో ఈనితే పిల్లను పెనం మీద వదిలినట్టే. మాకు చలి మొదలయ్యే వేళే మంచిది. ఎవరి వాతావరణం ఏదో చెప్పకుండా వాదించుకుంటే పదేళ్ళైనా తేలదు.

మూడరలపొట్ట
అందరూ పిల్ల గురించే మాట్లాడుతున్నారు, పోతు గురించి ఎవరూ అడగట్లేదు. గట్టి ఎండలు తగిలిన పోతుకి వృషణాల దగ్గర వేడెక్కి వీర్యం పాడవుతుంది. కొత్తది తయారవడానికి రెండు నెలలదాకా పడుతుంది. ఎండలు తగ్గగానే దాటిస్తే ఆడది కూర్చుంటుంది, పోతు తన అరగంట కార్యక్రమం తాను చేస్తుంది, రెండు వారాలయ్యాక చూస్తే చూడి ఉండదు. మళ్ళీ దాటిస్తారు, మళ్ళీ వట్టి. అలా రెండుసార్లు పోతే ఈత ఎక్కడికి జరుగుతుందో లెక్కేసుకోండి. నేరుగా ఆకులు రాలే కాలానికి!

ఈ లెక్క వసంతం వాళ్ళకీ ఉంది. చూలు సుమారు 345 రోజులు. ఈనిన మూడు వారాలకు దాటిస్తే మొత్తం దాదాపు 365 రోజులు, ఏటా అదే తేదీ. ఒక్కసారి తప్పితే రెండు వారాలు ఆలస్యం. ఏటా అలా తప్పితే మూడు నాలుగేళ్ళలో వసంతం ఈత నడివేసవికి చేరుతుంది. ఆల్పాకాకి మిగతా పశువుల్లా ఎదకు రావడం అనేది ఉండదు, దాటించాకే అండం విడుదలవుతుంది. ఎప్పుడైనా దాటించవచ్చు కదా అని మనం జరుపుకుంటూ పోతాం. ఫలానా తేదీ దాటితే ఈ ఏడు వద్దు అని ముందే గీత గీసుకోవాలి. ఆరుబయలు గారిని కూడా అడుగుతున్నా, మీ గీత ఎక్కడ?

ఇంకొకటి. ఇప్పుడు దాటిస్తే చివరి రెండు మూడు నెలల చూలు నడివేసవిలో పడుతుంది. అప్పుడు వేడి తగిలితే పిల్ల పోయే ప్రమాదం ఉంది. నీళ్ళు కొట్టేవాళ్ళు వీపు మీద కొట్టకండి, తడిసిన బొచ్చు వేడిని లోపలే పట్టి ఉంచుతుంది. పొట్ట కింద, తొడల లోపల బొచ్చు పలచన, అక్కడ కొట్టాలి.

ఆరుబయలు
గీత ఉంది. తొలి మంచు కురిసే వేళకి పిల్లకి రెండు నెలలు నిండాలి. పోతు సంగతి ఒప్పుకుంటా. మాది చెట్ల నీడలో, ఫ్యాను కింద ఉంటుంది, అయినా ఒక ఏడు రెండూ వట్టిపోయాయి.

ఉన్నిబుట్ట
మా పోతు ఆ మూడు వారాలూ నోరు తెరుచుకుని రొప్పింది. ఒక సందేహం. ఆగితే ఈ రెండూ ఎనిమిది నెలలు చూలూ పాలూ లేకుండా తిని కూర్చుంటాయి. కొవ్వెక్కి తర్వాత చూడి కట్టకపోతే?

మూడరలపొట్ట
అది నిజమైన భయమే. బొచ్చు చూసి ఒళ్ళు తెలియదు, నడుం మీద వెన్నెముకకి అటూ ఇటూ బొటనవేలు, చూపుడువేలు పెట్టి చూడండి. రెండు వైపులా ఏటవాలుగా దిగితే సరిపోయినట్టు. బల్లపరుపుగా తగిలితే దాణా ఆపేయండి. పాలిచ్చేవాటి నుంచి విడిగా, ఎండుగడ్డి మీదే ఉంచండి. విటమిన్ డి మాత్రం పెద్దవాటికీ చలికాలంలో వేయండి.

ఉన్నిబుట్ట
తేలింది. ఆగుతున్నాం. విటమిన్ డి వాదన దగ్గర మా ఆయన కదల్లేదు, మందు వేస్తాం కదా అన్నారు. పోతు లెక్క చదివాక మాత్రం కాగితం తీసుకుని రోజులు కూడారు. రెండుసార్లు తప్పితే మళ్ళీ పోయినేటి తేదీ దగ్గరికే చేరుతున్నాం. పెద్దదాని నడుం అప్పుడే బల్లలా ఉంది, దాణా బంద్. బదులుగా ఆరుబయలు గారి మాట ఒకటి ఆయన పట్టుకున్నారు. వసంతం ఈతలకి వాన తగలని దొడ్డి ఉండాల్సిందేనని, చలికి ముందే కప్పు వేస్తారట. ఆ మాట ఆయన చేత కాగితం మీద రాయించుకున్నాను.

ఆరుబయలు
కప్పు సరే. తువ్వాళ్ళు కూడా పెట్టుకోండి, నాలుగైనా ఉండాలి.