నాన్న కట్టిన లెగో కోటని పాప విప్పుతానంటోంది, ఇవ్వాలా వద్దా?

పసుపుకోట:
ఇంట్లో రెండు రోజులుగా ఇదే గొడవ, మీరే తీర్పు చెప్పండి. మా నాన్న చిన్నప్పటి లెగో కోట, అంటే ప్లాస్టిక్ ముక్కలు ఒకదానికొకటి అతికించి కట్టే బొమ్మ, 1978లో వచ్చిన పసుపు రంగుది, ఇప్పటికీ మా దగ్గరుంది. ఏడువందల పైచిలుకు ముక్కలు. దాంతో నేనూ ఆడాను, చాలాసార్లు చెడగొట్టాను కూడా. ఈమధ్య నాన్న రిటైరయ్యాక పాత పెట్టెల్లోంచి ఒక్కో ముక్కా ఏరి, చిరిగిన పుస్తకం చూసుకుంటూ మళ్లీ మొత్తం కట్టి అద్దాల బీరువాలో పెట్టారు. మా ఆరేళ్ల పాపేమో అది విప్పి, తన కొత్త ముక్కలతో కలిపి ఆస్పత్రి కట్టాలంటుంది. ఆయన ససేమిరా అంటున్నారు. బొమ్మన్నాక ఆడుకోవడానికే కదా అని నా వాదన.

రౌతు:
నేను మీ నాన్నగారి పక్షం. ఆ కోటలో గుర్రం కూడా అచ్చుపోసింది కాదు, తల, మెడ, వీపు అన్నీ చిన్న చిన్న ముక్కలతో కట్టుకోవాల్సిందే. చేతులూ కాళ్లూ కదిలే మనిషి బొమ్మలు మొదలైందీ ఆ ఏడాదే. అలాంటిది ఒకసారి పిల్లల డబ్బాలో కలిసిందంటే, ఆ గుర్రం మెడ ముక్క ఏదో మళ్లీ కనిపెట్టడం మీ తరం కాదు. పాపకి కొత్త డబ్బా కొనివ్వండి, సరిపోతుంది.

కలిపికొట్టు:
రౌతుగారూ, కలవడానికే కదండీ వాటిని చేసింది! 1949లో ఆ కంపెనీ చేసిన మొదటి ముక్కలు అడుగున డొల్లగా ఉండేవి, సరిగ్గా పట్టుకునేవి కావు. 1958లో లోపల గొట్టాలు పెట్టి పేటెంటుకి వేశాక పట్టు కుదిరింది, ఆ కొలత ఇప్పటికీ మారలేదు. అందుకే తాతగారి ముక్క మీద మనవరాలి ముక్క టక్కున కూర్చుంటుంది. ఎనిమిది బొడిపెల ముక్కలు ఒకే రంగువి ఆరు తీసుకుంటే, వాటిని అతికించే పద్ధతులు 91 కోట్లు దాటతాయని లెక్క తేల్చారు. అందులో ఒకే ఒక్క పద్ధతిని పట్టుకుని బీరువాకి తాళం వేస్తే ఎలా?

రౌతు:
ఆ 91 కోట్లూ కొత్త ముక్కలతో చూసుకోమనండి. 1978 కోట మళ్లీ పుట్టదు.

ల్యాబ్‌కోటు:
మీరిద్దరూ సెంటిమెంట్ మాట్లాడుతున్నారు, ప్లాస్టిక్ సంగతి ఎవరూ ఎత్తట్లేదు. 1963 నుంచి వాడుతున్నది ఏబీఎస్, అంతకుముందు ముక్కలు వంకర పోయేవి. ఏబీఎస్ గట్టిదే, కానీ ఎండ తగిలితే రంగు మారుతుంది. ఆ బీరువా కిటికీ ఎదురుగా ఉంటే ఆడకపోయినా పాడవుతుంది, ముందు అది జరపండి. వయసొక్కటే చూసి భయపడకండి, ఈ మధ్యకాలపు గోధుమరంగు ముక్కలు కొన్ని విప్పబోతేనే విరిగిపోతాయి. ఇంకోటి, 2018లో ఇంగ్లండ్‌లోని ప్లిమత్ యూనివర్సిటీ వాళ్లు సెకండ్‌హ్యాండ్ ప్లాస్టిక్ బొమ్మలు పరీక్షిస్తే పాతవాటిలో, ముఖ్యంగా ఎరుపు, పసుపు, నలుపు రంగుల్లో కాడ్మియం లాంటి విషపు లోహాలు బయటపడ్డాయి. నోట్లో పెట్టుకునే పిల్లలుంటే మాత్రం ఇవ్వొద్దు.

సుజ్జిపిన్ని:
అందరూ పాప గురించే మాట్లాడుతున్నారు, ఆ పెద్దాయన్ని ఎవరైనా అడిగారా? ఇన్నేళ్లూ పెట్టెలో పడున్నప్పుడు ఆయనకి ఏ బెంగా లేదు. ఇప్పుడు కూర్చుని కట్టారు, అంటే దాచుకోవడానికి కాదు బాబూ, ఆడుకోవడానికి! ఆ కంపెనీ కూడా 2020 నుంచి పెద్దవాళ్ల సెట్ల డబ్బాల మీద 18+ అని వేస్తోంది, మీకు మాత్రం ఆయన ఆట కనబడట్లేదు. ఆయన ఆట మధ్యలో పిల్ల దూరింది, ఆయనకి ఒళ్లు మండింది, అంతే కథ. ఆస్పత్రి ఎలా కడదామనుకుంటున్నావో చెప్పు అని పాపని ఆయన పక్కన కూర్చోబెట్టండి. మీరు మధ్యలో లాయర్‌లా నిలబడకండి.

కలిపికొట్టు:
పిన్నిగారికి వంద లైకులు.

పసుపుకోట:
పిన్నిగారి మాట పనిచేసింది. నాన్న ఒక బురుజు వరకు ఒప్పుకున్నారు, అదీ విప్పిన ముక్కలు వేరే ట్రేలో ఉండాలనీ, గుర్రాల జోలికి పోకూడదనీ షరతు పెట్టి. కీలు ముక్కలు మాత్రం తనే విప్పుతారట, వాటి పళ్లు తొందరగా విరుగుతాయని. పాప అప్పుడే ఆ బురుజుకి ఐసీయూ అని పేరు పెట్టేసింది. అంతా సెట్ అయిందనుకునేసరికి, ల్యాబ్‌కోటుగారి కాడ్మియం కామెంటు మా ఆవిడ కంటబడింది. ఇప్పుడు ఆవిడ బీరువా తాళం దాచేసింది.

రౌతు:
ల్యాబ్‌కోటుగారికి నా నమస్కారాలు, కోటని కాపాడారు 😄

ల్యాబ్‌కోటు:
అయ్యో, నేనన్నది నోట్లో పెట్టుకునే పసివాళ్ల గురించి. ఆరేళ్ల పిల్లని కనిపెట్టుకుని పక్కన ఒకరుండి, ఆట అయ్యాక చేతులు కడిగిస్తే నేనైతే ఇస్తాను. మీ ఇంట్లో ఇంకా చిన్నపిల్లలున్నారా? అది చెప్పండి ముందు.

పసుపుకోట:
ఏడాదిన్నర బాబు. దొరికిందల్లా నోట్లోకే.

సుజ్జిపిన్ని:
అయితే తాళం మీ ఆవిడ దగ్గరే ఉండనీ. బాబు నిద్రపోయాక తీయమనండి.