పోస్ట్‌గ్రెస్ ప్రొసీజర్‌కు మరో ఫంక్షన్‌ను విలువగా పంపవచ్చునా?

ప్రశ్న (గుంటూరు నుంచి)

మిర్చి యార్డులోని కమీషన్ వ్యాపారుల కోసం రాసిన లెక్కల సాఫ్ట్‌వేర్‌ను పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌పై నడుపుతున్నాను. రైతుకు ఇచ్చే తక్‌పట్టీని (అమ్మకం లెక్కల చీటీని) తయారుచేసే ప్రొసీజర్ కమీషన్‌ను సరుకు విలువపై శాతంగానూ, హమాలీని టిక్కీల (మిర్చి బస్తాల) లెక్కనూ, కోల్డ్ స్టోరేజీ అద్దెను సరుకు నిల్వ ఉన్న కాలాన్ని బట్టీ లెక్కించాలి. వ్యాపారికొక పద్ధతి కావడంతో అందులో ఏ పద్ధతికి ఏ లెక్కో ఎంచే కేస్ వాక్యం పెరిగి పెరిగి ఇప్పుడు ఒక తెరలో పట్టడం లేదు. జావాస్క్రిప్ట్‌లో అయితే లెక్కకట్టే ఫంక్షన్‌నే ఆర్గ్యుమెంటుగా పంపేవాణ్ణి. పోస్ట్‌గ్రెస్ ప్రొసీజర్లు రాసే పీఎల్‌పీజీఎస్‌క్యూఎల్ భాషలో అటువంటి వీలు ఉన్నదా?

సమాధానం (విజయవాడ నుంచి)

ఫంక్షన్‌ను విలువగా పంపే వీలు లేదు. దాని గుర్తింపును మాత్రం పంపవచ్చు. పారామీటరును టెక్స్ట్‌గా కాక, ఫంక్షన్‌ను సూచించే రెగ్‌ప్రొసీజర్ రకంగా ప్రకటించండి. అప్పుడు ఫంక్షన్ పేరును, దాని ఆర్గ్యుమెంట్ల రకాలతో సహా, పోస్ట్‌గ్రెస్ అక్కడికక్కడే సరిచూసి, అటువంటిది లేకపోతే పిలుపు దశలోనే తప్పు చూపుతుంది. ఎవరో పంపిన అక్షరాలు నేరుగా ఎస్‌క్యూఎల్‌లోకి చొరబడే ప్రమాదమూ తప్పుతుంది. లోపల దానిని రెగ్‌ప్రొక్ అనే రకంగా మార్చితే పేరు మాత్రమే వస్తుంది. ఆ పేరును ఫార్మాట్ ఫంక్షన్‌తో ఎస్‌క్యూఎల్ వాక్యంలో కూర్చి, విలువలను యూజింగ్ క్లాజు ద్వారా అందించి ఎగ్జిక్యూట్ చేయాలి.

ఇక్కడ రెండు జాగ్రత్తలు అవసరం. ఎగ్జిక్యూట్‌తో నడిపే వాక్యానికి ప్రతిసారీ కొత్తగా ప్లాన్ వేయవలసి వస్తుంది కనుక, లూప్ పెట్టి ఒక్కొక్క లాటుకు ఒక్కొక్కసారి పిలవకుండా, ఆ రోజు లాట్లన్నింటిపై నడిచే ఒకే సెలెక్ట్‌లో ఫంక్షన్ పేరును ఒక్కసారి కూర్చండి. రెండవది దీనికంటే ముఖ్యమైనది: మీ ప్రొసీజర్ సెక్యూరిటీ డిఫైనర్‌గా (పిలిచినవారి అధికారాలతో కాక, దాని యజమాని అధికారాలతో నడిచేదిగా) ఉన్నట్లయితే, పంపిన ఫంక్షన్ కూడా సాధారణంగా ఆ యజమాని అధికారాలతోనే నడుస్తుంది. అనుమతించిన ఫంక్షన్ల పట్టిక ఒకటి పెట్టుకుని, అందులో లేనిదానిని తిరస్కరించడం మేలు.

సమాధానం (గుంటూరు, మరొకరు)

పై సమాధానం సరైనదే కానీ, ప్రశ్ననే మరొకసారి చూడవలసి ఉన్నదని నా అభిప్రాయం. శాతం, టిక్కీకి ఇంత, నెలకు ఇంత అనేవి ఫంక్షన్లు కావు, అంకెలు. వ్యాపారి, ఖర్చు పేరు, ఆధారం, రేటు, అమలు తేదీ అనే నిలువు వరుసలతో ఒక పట్టిక పెడితే మీ కేస్ వాక్యంలో ఆధారానికి ఒకటి చొప్పున మూడు నాలుగు శాఖలే మిగులుతాయి. రేటు మారినప్పుడు కోడ్‌ను ముట్టనక్కరలేదు, పాత తక్‌పట్టీని పాత రేటుతోనే మళ్లీ తీయవచ్చు. పట్టికలో ఇమడని పద్ధతికి మాత్రమే ఫంక్షన్ రాయండి. జావాస్క్రిప్ట్ ఫంక్షన్ తాను పుట్టినచోటి చలరాశులను వెంట తెచ్చుకుంటుంది. రెగ్‌ప్రొసీజర్ అటువంటివేవీ మోయదు, దాని వెనుక ఉన్నది పోస్ట్‌గ్రెస్ ఆ ఫంక్షన్‌కు ఇచ్చిన ఓఐడీ అనే గుర్తింపు సంఖ్య మాత్రమే. వ్యాపారి వివరాలన్నీ మీరే జేసన్‌బీ అనే జేసన్ డేటా రకంగానో విడి ఆర్గ్యుమెంట్లుగానో అందించాలి.

ప్రశ్న అడిగినవారు

కృతజ్ఞతలు. కూర్చుని సరిచూస్తే దాదాపు అన్నీ రేట్ల పట్టికలోకి వెళ్లిపోయాయి. సీజను మధ్యలో సరుకు కొంత తీసి, మిగిలినది అక్కడే ఉంచినవారి అద్దె ఒక్కటే ఇమడలేదు. దానికి ఫంక్షన్ రాశాను. ఆ పట్టికలోనే రెగ్‌ప్రొసీజర్ రకపు నిలువు వరుస ఒకటి చేర్చి, ఫంక్షన్‌ను అందులో దాచవచ్చునా?

సమాధానం (విజయవాడ నుంచి)

దాచవద్దు. ఫంక్షన్‌ను తొలగించి మళ్లీ సృష్టిస్తే కొత్త ఓఐడీ వస్తుంది, పట్టికలో పాతది మిగిలిపోతుంది. తొలగించకుండా క్రియేట్ ఆర్ రీప్లేస్‌తో మార్చితే ఆ ఇబ్బంది లేదు. అంతకంటే పెద్ద చిక్కు, యూజర్ పట్టికల్లో రెగ్‌ప్రొసీజర్ నిలువు వరుస ఉన్న డేటాబేస్‌ను, పోస్ట్‌గ్రెస్‌ను కొత్త వెర్షన్‌కు మార్చే పీజీ అప్‌గ్రేడ్ సాధనం స్వీకరించదు. పేరును ఆర్గ్యుమెంట్ల రకాలతో సహా టెక్స్ట్‌గానే ఉంచి, వాడేముందు టు రెగ్‌ప్రొసీజర్ అనే ఫంక్షన్‌తో మార్చుకోండి. ఆ పేరుతో ఫంక్షన్ దొరకకపోతే అది తప్పు చూపదు, నల్ (ఖాళీ విలువ) ఇస్తుంది. ఆ నల్‌ను మీరే పట్టుకుని ఆపకపోతే, అద్దె పడని తక్‌పట్టీ రైతు చేతికి వెళ్లే ప్రమాదం ఉంది.