4హెచ్ లైటు మిణుకుతా ఉండాది, స్వర్ణముఖి ఇసుకలోనే దిగబడినా, జైసల్మేర్ పోవచ్చా?

తిరుచానూరు_డీజిల్

అందరికీ నమస్తే. చానా రోజుల్నుంచి ఈడ చదువుతా ఉండా గానీ రాసేది ఇదే మొదటిసారి, కొంచెం పెద్దదే అయితాది, ఓపిగ్గా చదవండి. పోయిన సంవత్సరం సెకండ్ హ్యాండ్‌లో ఒక డీజిల్ ఫోర్ బై ఫోర్ తీసుకున్నా, మాన్యువల్ గేరు, డాష్‌బోర్డు మీద నాబు తిప్పితే 2హెచ్ (వెనక రెండు చక్రాలకే బలం), 4హెచ్ (నాలుగు చక్రాలకూ బలం), 4ఎల్ (నాలుగూ నిదానంగా, ఎక్కువ బలంతో) మారే టైపు. జనవరిలో నా బండి, రేణిగుంటలో ఉండే ఫ్రెండు బండి, రెండూ వేసుకొని జైసల్మేర్ పోదామని ప్లాను. ఈడ్నుంచి రెండు వేల కిలోమీటర్ల పైనే, సెలవు కూడా పెట్టేసినా.

అంత దూరం పోయే ముందు కొంచెం చెయ్యి తిరగాల గదా అని పోయిన ఆదివారం తొండవాడ దగ్గర స్వర్ణముఖి ఏట్లోకి దించినా. ఇరవై అడుగులు కూడా పోలేదు, వెనక చక్రాలు తవ్వుకుంటా తవ్వుకుంటా ఇరుసు దాకా దిగిపోయినాయి. 4హెచ్‌కి తిప్పితే లైటు మిణుకుతా ఉండాదే గానీ నిలబడలేదు, 4ఎల్ తిప్పినా అంతే, నేనేమో రేసు ఇస్తా పోయినా, క్లచ్ కాలిన వాసన గుప్పుమని వచ్చింది, అప్పుడు ఆపేసినా. దిగి చూస్తే ముందు టైర్ల కింద ఇసుక చెదరనే లేదు, టైరు అచ్చు అట్లే ఉండాది. చివరికి ట్రాక్టరు పిలిపించి లాగించుకున్నాం, 1500 అయింది. టైర్లలో గాలి 34 ఉన్నింది, రోడ్డు మీద ఎంత పెడతానో అంతే.

ఒక వర్క్‌షాపులో చూపిస్తే బండి కింద కూడా సరిగ్గా చూడకుండానే ట్రాన్స్‌ఫర్ కేసు (ఇంజను బలాన్ని ముందు, వెనక ఇరుసులకు పంచే గేర్ల పెట్టె) మొత్తం మార్చాలన్నారు, ఆ రేటు విన్నాక రెండు రోజులు నిద్ర పట్టలేదు. నాకు తెలియాల్సింది రెండే. ఆ రోజు దిగబడింది బండి తప్పా, నడిపిన నా తప్పా? రెండోది, నిజమైన ఎడారి దిబ్బల మీద నడిపినోళ్లు ఎవురైనా ఉంటే మొదట్నుంచి చెప్పండి, నాకేమీ తెలియదనుకొనే చెప్పండి.

చిత్తూరు_స్పానర్

తమ్ముడూ, ట్రాన్స్‌ఫర్ కేసు జోలికి ఇప్పుడే పోవద్దు. లైటు మిణకడమంటే నువ్వు అడిగింది బండికి అర్థమైంది, పని పూర్తయిందని స్విచ్ నుంచి తిరిగి కబురు రాలేదు, అంతే. నాబు నుంచి కంట్రోల్ యూనిట్‌కి, ఆడ్నుంచి ట్రాన్స్‌ఫర్ కేసు మీదుండే షిఫ్ట్ మోటరుకి, ఆ తర్వాత ముందు ఇరుసును కలిపే యాక్చువేటరుకి, ఇట్లా గొలుసు మాదిరి పోతాది. నేను చూసిన కేసుల్లో తెగేది ఎప్పుడూ ఆ గొలుసులో చవకైన ముక్కే. లోపల గేర్లు, చైను పోయినవి చానా తక్కువ, పోయుంటే శబ్దం వస్తాది, నూనెలో ఇనుప రజను కనపడతాది.

ఇంటి దగ్గరే చెయ్యి. ఇంజన్ ఆపి, బండి న్యూట్రల్‌లో పెట్టి, వెనక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, తాళం ఆన్ చెయ్యి. ఇంకొకర్ని నాబు తిప్పమని నువ్వు పక్కన పడుకొని చెవి పెట్టి విను. టక్‌మని, ఆ వెంటనే గుర్ర్‌మని మోటరు తిరిగిన శబ్దం రావాల. రాలేదంటే ముందు ఫ్యూజు చూడు, తర్వాత బ్యాటరీ ఓల్టేజీ, తర్వాత ఆ మోటరుకు పోయే కనెక్టరు ఊడదీసి పిన్నులు చూడు. శబ్దం వచ్చి కూడా లైటు మిణుకుతా ఉంటే ముందు ఇరుసు వైపు పో. కొన్ని బండ్లలో అది వాక్యూమ్‌తో పని చేస్తాది, సన్న రబ్బరు పైపులుంటాయి, ఇంజను వేడికి ఎండి పగుళ్లిచ్చేస్తాయి. ఇంజన్ స్టార్టు చేసి 4హెచ్ పెట్టి ఆ పైపు ఊడదీసి బొటనవేలు పెట్టు, చర్మాన్ని లాగాల, లాగలేదంటే పైపో, సోలెనాయిడో (కరెంటుతో తెరుచుకునే వాల్వు) పోయినట్టే.

అన్నీ అయినాక అసలు పరీక్ష ఒకటుంది. 4హెచ్ నిలబడినాక ఇంజన్ ఆపి, గేరులో పెట్టి, హ్యాండ్ బ్రేకు వేసి, ముందు చక్రం ఒక్కటే జాకీతో లేపి చేత్తో తిప్పు. ఇరుసు నిజంగా కలిసుంటే అది కదలదు. ఈజీగా తిరిగిపోతా ఉంటే లైటు ఏం చెప్పినా నమ్మద్దు. ఇంకోటి, 4ఎల్ మారేది బండి నిలబెట్టి న్యూట్రల్‌లో పెట్టినాకే, ఒక్కోసారి పళ్లు కూర్చోక మిణుకుతాది, రెండడుగులు ముందుకో వెనక్కో జరిపితే కూర్చుంటాది. తారు రోడ్డు మీద మాత్రం 4హెచ్ వేసి టెస్టు చెయ్యొద్దు. మలుపులో ముందు చక్రాలు, వెనక చక్రాలు ఒకే దూరం తిరగవు, ఇట్లాంటి పార్ట్ టైమ్ బండ్లలో, అంటే కావాల్సినప్పుడే నాలుగు చక్రాలు కలిపే బండ్లలో, మధ్య డిఫరెన్షియల్ (ముందు, వెనక ఇరుసులు వేర్వేరు వేగంతో తిరగనిచ్చే గేర్లు) ఉండదు కాబట్టి ఆ తేడా అంతా షాఫ్టుల్లో మెలి పడి స్టీరింగు బిగుసుకుంటాది. మట్టి మీదే చూసుకో.

అడగడం మర్చిపోయినా, బండి ఎప్పుడైనా నీళ్లలో నిలబడిందా? 2021 నవంబరు వానలకు తిరుపతిలో ఎన్ని బండ్లు మునిగినాయో నీకే తెలుసు, ఆ తర్వాత చేతులు మారిన బండ్లు నా దగ్గరికి చానా వచ్చినాయి.

కాళహస్తి_కుర్రోడు

బండి సంగతి స్పానర్ అన్న చెప్పినాడు, నేను ఏటి సంగతి చెప్తా. దయచేసి స్వర్ణముఖిలో మళ్లీ దించొద్దు అన్నా. ఇసుక ఎత్తుకుపోయిన గుంతలు యాడపడితే ఆడ ఉండాయి, వాన పడినాక పైన పల్చగా ఇసుక కప్పేసి సమానంగా కనపడతాది, లోపల బురద. మా వీధి పిల్లోళ్లు ఈతకు పోయి ఆ గుంతల్లో ఇబ్బంది పడిన రోజులు చూసినా, అందుకే ఇంత గట్టిగా చెప్తా ఉండా. సముద్రం ఒడ్డు కూడా వద్దు, ఉప్పు నీళ్లు బండి కింద ఇనుమును తినేస్తాయి. తెలిసినోళ్ల చేనో, ఇసుక నేల తోపో చూసుకొని వాళ్లని అడిగి నేర్చుకో.

పీలేరు_కువైట్

కువైట్‌లో పదకొండేండ్లు హౌస్ డ్రైవరుగా చేసినా, ఇప్పుడు ఊర్లోనే ఉండా. చలికాలం వస్తే మా బాబా, అంటే మా యజమాని, వాళ్లంతా టెంట్లు వేసుకొని బర్‌లోనే, ఎడారిని వాళ్లు బర్ అంటారు, సామాన్లు నీళ్లు అన్నీ నేనే తోలాల. కువైట్‌లో నేల చానావరకు చదునే, పెద్ద దిబ్బలు నేను చూసింది వాళ్లతో సౌదీ పోయినప్పుడు, దహ్నా ఎర్ర ఇసుకలో. మొదటి నెలలోనే నేనూ నీ మాదిరే ఇరుసు దాకా దించినా, ఆడుండే ఒక బదూ (ఎడారి సంచార తెగ) ముసలాయన వచ్చి నన్ను ఒక్క మాట అనకుండా టైరు పక్కన కూర్చొని పుల్లతో వాల్వు నొక్కి గాలి తీసేసినాడు, బండి తనంతట తాను నడిచొచ్చినట్టు బయటికొచ్చింది. నీ ప్రశ్నకు జవాబు అదే. ముందు చక్రాలు తిరగనిది బండి తప్పు, కానీ 34 గాలితో నాలుగు చక్రాలూ తిరిగినా దిగబడేవాడివే.

గాలి తీస్తే టైరు వెడల్పు అయితాదని అందరూ అనుకుంటారు, వెడల్పు పెరిగేది కొంచెమే, పొడవు పెరుగుతాది. యుద్ధ ట్యాంకు చైను మాదిరి పొడుగ్గా నేల మీద పరుచుకుంటాది, ఇసుకను తవ్వకుండా మీద నుంచి పోతాది. నీ బండికి 18తో మొదలుపెట్టు, చాలకపోతే 15. అంత తక్కువ గాలితో స్పీడు 40 దాటొద్దు, స్టీరింగు జర్కుగా తిప్పొద్దు, రిమ్ము నుంచి టైరు ఊడొస్తాది. తారు రోడ్డు ఎక్కే ముందు మళ్లీ గాలి కొట్టుకోవాల కాబట్టి మంచి కంప్రెసరు లేకుండా బయల్దేరద్దు.

ఇంక దిబ్బ గురించి. దిబ్బకు రెండు ముఖాలు. గాలి వచ్చే వైపు ఏటవాలు తక్కువ, ఇసుక అదుముకొని గట్టిగా ఉంటాది, ఎక్కాల్సింది ఆ వైపే. అవతలి వైపు గాలి తెచ్చి పారబోసిన ఇసుక, 32, 34 డిగ్రీల వాలుతో జారడానికి సిద్ధంగా ఉంటాది, కాలు పెడితే మోకాలి దాకా పోతాది. ఎక్కే ముందు బండి ఆపి నడుచుకుంటా పైకి పోయి అవతల ఏముందో కళ్లతో చూసి రా, బద్ధకం పడొద్దు, అవతల గుంత ఉండొచ్చు, ఒంటెలుండొచ్చు, ఇంకో బండి ఎక్కతా ఉండొచ్చు. తిన్నగా ఎక్కు, అడ్డంగా ఎప్పుడూ ఎక్కొద్దు. ఊపు కింద చదునులోనే తెచ్చుకోవాల, మధ్యలో గేరు మార్చినావంటే ఆ క్లచ్ తొక్కిన అరక్షణంలోనే ఇసుక బండిని పట్టేస్తాది. శిఖరం దగ్గరికొచ్చేసరికి రేసు తగ్గించు, ముక్కు అవతలికి వాలేంత ఊపు మిగిలితే చాలు, ఎక్కువైతే ఎగిరి ముక్కు మీద పడతావు.

ఎక్కలేక ఆగిపోయినావనుకో, అదే అసలు ప్రమాదం. చానామంది ఆడనే తిప్పుకుందామని చూస్తారు, బండి అడ్డం తిరిగిందంటే పొర్లతాది. స్టీరింగు తిన్నగా పట్టుకొని రివర్సు గేరు వేసి నీ అచ్చుల్లోనే తిన్నగా వెనక్కి దిగిపో, న్యూట్రల్‌లో జారనివ్వద్దు. అవతలి వైపు దిగేటప్పుడు 4ఎల్ ఒకటో గేరు, కాళ్లు రెండూ పక్కన, బ్రేకు తొక్కితే వెనక భాగం పక్కకొస్తాది. అట్లా వస్తే స్టీరింగు పల్లం వైపు తిప్పి కొంచెం రేసు ఇవ్వు, తిన్నగవుతాది. ఆ క్షణంలో రేసు ఇవ్వడానికి మనసు ఒప్పదు, నాకూ ఒప్పలేదు, కానీ అదే పని చేస్తాది.

ఆపాల్సి వస్తే బ్రేకు తొక్కొద్దు, కాలు తీసేసి దానంతట అది నిలబడనీ, పల్లం వైపు ముక్కు పెట్టి ఆపు. బ్రేకు తొక్కితే ప్రతి టైరు ముందర ఒక చిన్న కట్ట లేస్తాది, మళ్లీ కదిలేటప్పుడు అది ఎక్కాల్సొస్తాది. చక్రం గిర్రున తిరిగిందంటే వెంటనే కాలు తియ్యి, ముందుకు కాదు, వచ్చిన దారిలో వెనక్కి పో. అప్పటికీ రాకపోతే పార తీసుకొని నాలుగు చక్రాల ముందర, బండి కడుపు కింద ఇసుక తియ్యి. తియ్యడానికి అర గంట పట్టినా తియ్యి, రేసు ఇస్తే ఇంకో రెండు గంటల పని పెరుగుతాది.

మదనపల్లె_రోడ్డు

రెండేండ్ల కిందట జనవరిలోనే జైసల్మేర్ పోయొచ్చినాం. పీలేరు అన్న చెప్పిందానికి ఒక్కటి కలుపుతా, బండిలో ట్రాక్షన్ కంట్రోలు స్విచ్ ఉంటే ఇసుకలో ఆపేసుకో, చక్రం కొంచెం జారగానే అది ఇంజను పవరు కోసేస్తాది, ఊపు కావాల్సిన చోటే బండి నీరసపడిపోతాది. గాలి విషయంలో మాత్రం 15 కూడా కొత్తోళ్లకు తక్కువేమో అనిపిస్తాది నాకు, మా బ్యాచ్‌లో ఒకరికి అంత గాలితోనే జర్కుగా తిప్పినందుకు టైరు ఊడింది.

సమ్ దిబ్బలు జైసల్మేర్ ఊరి నుంచి 40 కిలోమీటర్ల దూరంలో ఉంటాయి, పర్యాటకులు, ఒంటెలు, జీపులు కిక్కిరిసి ఉంటాయి, కొత్తోళ్లు నేర్చుకునే చోటు కాదు. లోకల్ మనిషిని ఒకర్ని వెంట పెట్టుకొని యాడ నడపొచ్చో ఆయన్నే అడగండి. చుట్టుపక్కల చానా భాగం డెజర్ట్ నేషనల్ పార్కు, 3162 చదరపు కిలోమీటర్లు, ఆడ ఇష్టమొచ్చినట్టు బండి తోలకూడదు. మన రోళ్లపాడులో ఒకప్పుడు తిరిగిన బట్టమేక పిట్టలు ఇప్పుడు ఎక్కువగా మిగిలింది ఆ వైపే, అవి గుడ్లు పెట్టేది నేల మీదే, గడ్డిలో టైరు పోతే ఎవురికీ తెలియను కూడా తెలియదు. సరిహద్దు వైపు పర్మిషన్ లేకుండా పోవద్దు.

నడిపేది పొద్దున్నే. రాత్రి మంచుకు ఇసుక గట్టిపడి ఉంటాది, ఎండ వాలుగా పడి నీడలుంటాయి కాబట్టి దిబ్బ అంచు తెలుస్తాది. మధ్యాహ్నం నెత్తిన ఎండలో అంతా ఒకే తెల్ల గుడ్డ పరిచినట్టు ఉంటాది, పల్లమేదో మిట్టేదో తెలియదు. లాగేటప్పుడు ట్రైలరు తగిలించే బాలుకు మోకు కట్టొద్దు, అది విరిగితే తుపాకి గుండు మాదిరి వస్తాది, ప్రాణాలు పోయినాయి. చాసిస్‌కు ఉండే కొక్కేనికే కట్టండి, మిగిలినోళ్లంతా దూరంగా నిలబడాల.

తిరుచానూరు_డీజిల్

అన్నా, అందరికీ చేతులెత్తి దండం. స్పానర్ అన్న చెప్పినట్టే మా తమ్ముడు నాబు తిప్పితే నేను కింద పడుకొని విన్నా, టక్‌మన్నింది గానీ గుర్ర్ రాలేదు. ఫ్యూజు, బ్యాటరీ బాగుండాయి. కనెక్టరు ఊడదీసి టార్చి వేసి చూస్తే రెండు పిన్నుల మీద పచ్చగా చిలుము, లోపల మూలన ఎండిపోయిన సన్న బురద, గోరుతో గీకితే పొడి రాలింది. అమ్మినాయనకు ఫోన్ చేసి నిదానంగా అడిగితే అప్పుడు చెప్పినాడు, ఆ నవంబరులో బండి సీట్ల దాకా నీళ్లలో రెండు రోజులున్నిందంట. కోపం వచ్చింది, ఏమనాలో తెలియక పెట్టేసినా.

కాంటాక్ట్ క్లీనరు కొట్టి, పాత టూత్ బ్రష్‌తో రుద్ది, ఆరినాక గ్రీసు పూసి బిగించినా. ఇప్పుడు 4హెచ్ రెండు సెకన్లలో నిలబడతా ఉండాది. ముందు చక్రం జాకీతో లేపి తిప్పినా, ఇద్దరం పట్టి తిప్పినా కదల్లేదు. అన్నా, ఆ క్షణం సంతోషం రాయలేను.

గాలి సంగతి కూడా ఇంటి ముందరే చూసినా. అమ్మ ముగ్గు పిండి తీసుకొని టైరు నేలను తాకే చోట ముందు వెనక గీత మాదిరి పోసినా. 34 ఉన్నప్పుడు గీతల మధ్య జానెడుకు కొంచెం తక్కువ. అట్లే 16కి దించి మళ్లీ పోస్తే జానెడు పైన నాలుగు వేళ్లు. చదవడం వేరు, కళ్లారా చూడడం వేరు. నిన్న ఫ్రెండు వాళ్ల మామ మామిడి తోట పక్కన ఇసుక నేలలో 18తో తిప్పినా, నిలబెట్టినా, మళ్లీ కదిలించినా, ఒక్కసారి కూడా తవ్వుకోలేదు. అయితే కదిలే ముందు క్లచ్ కొంచెం జారుతా ఉండాది, ఆ రోజు కాలిన దెబ్బేమో, స్పానర్ అన్నా, అంత దూరం పోయే ముందు మార్చాల్నా?

చిత్తూరు_స్పానర్

మూడో గేరులో చిన్న మిట్ట ఎక్కేటప్పుడు పూర్తిగా రేసు ఇచ్చి చూడు, ఇంజను శబ్దం పెరిగి స్పీడు పెరక్కపోతే మార్చేసి పో, ఆలోచించొద్దు. ఇంకో పని, ఇరుసుల్లో, గేరుబాక్సులో, ట్రాన్స్‌ఫర్ కేసులో నూనె కొంచెం తీసి చూడు, నీళ్లు పోయుంటే పాల టీ రంగులో ఉంటాది. సీట్ల దాకా మునిగిన బండి కాబట్టి అది చూడకుండా గేటు దాటొద్దు.

పీలేరు_కువైట్

ఆడికి పోయినాక మొదటి రోజు నడుం ఎత్తు దిబ్బల మీదే తిరుగు, పెద్దవాటి జోలికి పోవద్దు. అద్దాలు దించి, పాటలు ఆపి నడుపు, ఇంజను గొంతు తగ్గతా ఉందంటే దిగబడబోతా ఉన్నట్టు, చూపు కన్నా ముందు చెవికే తెలుస్తాది. ఎట్లా అయిందో వచ్చి ఈడ రాయి నాయనా, చూస్తా ఉంటా.