సమస్యాపూరణం: మంటపైన గుడ్డు మంచుగట్టె

కవిమిత్రులకు నమస్కారం. ఈసారి సమస్య ఆటవెలది నాలుగో పాదం, ముందరి మూడు పాదాలు కవులు పూరించాలి:

మంటపైన గుడ్డు మంచుగట్టె

సందర్భం చెయిన్ హోటల్‌లో ఉదయపు బఫే. శాపాలూ మాయలూ వద్దు. వంటగదిలో నిజంగా జరిగేదే ఈ విరోధాన్ని విప్పాలి. వచ్చిన పూరణలు మూడు, వాటిపై విమర్శ ఇవి.

పూరణ 1

మూత తెఱచి యుంచ ముసరిన యావిరి
గాలిఁ గలిసె, నీరు కాగదయ్యె;
చిన్న వత్తి వేడి చేరదు పైదాక;
మంటపైన గుడ్డు మంచుగట్టె!

విమర్శ: అసలు కారణం పట్టుకున్నారు. చేఫింగ్ డిష్ (బఫేలో కింద చిన్న మంట, నడుమ నీళ్ళు, పైన వంటకం ఉండే పళ్ళెం) ఉన్న వేడిని నిలుపుతుందే గానీ చల్లటిదాన్ని వేడి చేయలేదు. మంట తగిలేది అడుగునున్న నీళ్ళ పళ్ళేనికి, గుడ్డుకు తగిలేది ఆవిరి. మూత తీసి వదిలేస్తే పైపొర ముందు చల్లారుతుంది. పెద్ద పళ్ళెం కింద ఇంధనం డబ్బాలు రెండు ఉండాలి, ఒక్కటే వెలిగిస్తే ఓ పక్క ఎప్పుడూ చల్లగానే ఉంటుంది. అందుకే ‘చిన్న వత్తి’ అన్న మాట ఎంతో నచ్చింది. మూ-ము, గా-కా, చి-చే యతులు (పాదం మొదటి అక్షరానికీ నడుమ అక్షరానికీ ఉండాల్సిన మైత్రి) సరిపోయాయి.

పూరణ 2

సంచిలోని ముద్ద సరిగ కరగకుండ
పళ్ళెమందుఁ బెట్టి పైకిఁ దేగ
అంచు కరగెఁ గాని యంతరమునఁ జూడ
మంటపైన గుడ్డు మంచుగట్టె!

విమర్శ: ‘మంచు’ను అక్షరాలా నిజం చేసిన పూరణ ఇది. వండి గడ్డకట్టించిన గుడ్డు పొరటు సంచుల్లో వస్తుంది. దాన్ని ముందురోజు ఫ్రిజ్‌లో కరగనిచ్చి, సంచితోనే వేడినీళ్ళలో ఉంచి, నడిమధ్య 74 డిగ్రీలు చేరాకే పళ్ళెంలో వేయాలి. నేరుగా బఫే మీద పెడితే 5 నుంచి 60 డిగ్రీల మధ్య చాలాసేపు ఉండిపోతుంది, సూక్ష్మజీవులు పెరిగేది అక్కడే. ‘పైకి’ యతి కోసం వచ్చిన వ్యర్థపదం. ‘పళ్ళెమందు నట్టె పఱచి పెట్ట’ అంటే తప్పు ఎక్కడ జరిగిందో కూడా తెలుస్తుంది.

పూరణ 3

లోన నీరు లేక లోహము మాడఁగా
పొయ్యి నార్పివేసె సేవకుండు;
చల్లనీళ్ళు పోయఁ జల్లారె పళ్ళెమ్ము;
మంటపైన గుడ్డు మంచుగట్టె!

విమర్శ: రెండో పాదంలో పొ-సే యతి చెల్లదు. అంతకన్నా పెద్ద చిక్కు, పొయ్యి ఆర్పేశాక ‘మంటపైన’ ఎలా నిలుస్తుంది? భావం చెడకుండా రెండు, మూడు పాదాలను ఇలా మార్చవచ్చు:

మరుగునీరు మాని, మఱచి పోసెఁ
జల్లనీళ్ళు, తాకి చల్లారెఁ బళ్ళెమ్ము

పోయాల్సింది మరిగే నీళ్ళే, రెండు మూడు సెంటీమీటర్ల లోతున, గుడ్డు పెట్టడానికి పావుగంట ముందు. కింద మండే జెల్ ఇంధనం డబ్బా సుమారు రెండు గంటలే మండుతుంది. ఫలహారం మూడు గంటలు నడిస్తే నడుమ డబ్బా మార్చాలి, నీళ్ళు చూసి మళ్ళీ నింపాలి.

ఆకుపచ్చగా మారిన గుడ్డు సంగతిని పద్యంలో ఎవరూ ఎత్తుకోలేదు. అది ఈ సమస్యకు తలకిందులు: వేడి మీద ఎక్కువసేపు ఉంటే తెల్లసొనలోని గంధకం పచ్చసొనలోని ఇనుముతో కలిసి ఆ రంగు వస్తుంది. చిన్న పళ్ళేలు పెట్టి తరచూ మారిస్తే రాదు. దానిమీద పద్యం రాయదలచినవారు ‘మంచు’ను ఎలా ఇముడుస్తారో చూడాలనుంది.