ఏడీహెచ్‌డీ ఉన్న మా అబ్బాయికి బడి చదువులో ఎలా తోడ్పడాలి?

మేము గుంటూరు బ్రాడీపేటలో ఉంటాము. ఐదో తరగతి చదువుతున్న మా అబ్బాయికి ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత, నిలకడ కుదరని సమస్య) ఉందని మానసిక వైద్యులు నిర్ధారించారు. పాఠం చదివి వినిపిస్తే ప్రశ్నలన్నింటికీ నోటితో చక్కగా జవాబు చెబుతాడు గాని, అదే జవాబును నోటుపుస్తకంలో రాయమంటే రెండు వాక్యాలు రాసి, పెన్సిల్ చెక్కుకుంటూ ఉండిపోతాడు. గుణకారంలో ఎక్కాలు తప్పడు. పైన వేసుకున్న అంకెను కలపడమే మరచిపోతాడు. బడిలో దీన్ని బద్ధకమంటున్నారు, ఆ మాటకు వాడు ఎంతగానో నొచ్చుకుంటున్నాడు.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం పేర్కొన్న 21 వైకల్యాల్లో నిర్దిష్ట అభ్యసన వైకల్యం (చదవడం, రాయడం, లెక్కలు చేయడం వంటి వాటిలో ఇబ్బంది) ఉంది గాని, ఏడీహెచ్‌డీ విడిగా లేదు. అందువల్ల పరీక్షలో అదనపు సమయం, ముందు బెంచీలో చోటు, హోంవర్కును చిన్న భాగాలుగా ఇవ్వడం వంటి వెసులుబాట్లను ప్రధానోపాధ్యాయులను ఏ పత్రాలు చూపి, ఎలా అడగాలో అనుభవమున్న తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు దయచేసి తెలియజేయగలరు. అభ్యసన వైకల్యం కూడా ఉందేమో పరీక్షించి, ఓపికగా చదువు చెప్పే స్పెషల్ ఎడ్యుకేటర్లు గుంటూరులో గాని విజయవాడలో గాని ఉన్నారా? ఉదయం వేసిన మందు ప్రభావం సాయంత్రానికి తగ్గిపోయే పిల్లల చేత ఇంటిపని ఏ వేళలో, ఎలా చేయిస్తున్నారు?