నిధులను ‘మళ్లించడం’, శాసనాల శాపశ్లోకం: షష్టిమా, షష్టిరా?

అనువాదకురాలు: గ్రాంట్ల గురించి ఇంగ్లీషులో జంటగా వచ్చే మాటలకు, పరిశోధక విద్యార్థుల కోసం తెలుగు పట్టిక ఒకటి తయారు చేస్తున్నాను. అవార్డ్ చేయడం ‘మంజూరు’, రిలీజ్ ‘విడుదల’; ఫండ్స్ లాప్స్ కావడానికి పత్రికలవారి పుణ్యమా అని ‘మురిగిపోవడం’ అనే చక్కని మాట ఉన్నది. డైవర్ట్‌కు ‘మళ్లించడం’ సరిపోతుందా అని ఆలోచిస్తుండగా, దానశాసనాల చివర వచ్చే ‘స్వదత్తాం పరదత్తాం వా యో హరేత వసుంధరామ్’ అన్న శ్లోకం సగమే గుర్తుకు వచ్చి వేధిస్తున్నది. రెండవ పంక్తి మొదట ఉన్నది షష్టిమా, షష్టిరా?

శాసనాభిమాని: ‘షష్టిర్వర్షసహస్రాణి విష్ఠాయాం జాయతే క్రిమిః’ అన్నదే నేను తరచుగా చూసిన పాఠం; తానిచ్చిన భూమినైనా, ఇతరులిచ్చిన భూమినైనా హరించినవాడు అరవై వేల ఏళ్లు మలంలో పురుగై పుడతాడని అర్థం. అన్నట్టు, చాలామంది దీనిని ‘షష్ఠి’ అని ఒత్తు పెట్టి రాస్తున్నారు; అది సుబ్రహ్మణ్య షష్ఠి అవుతుంది గాని అరవై కాదు.

సంస్కృతం మాస్టారు: తరచుగా కనిపించినంత మాత్రాన సాధు ప్రయోగం కాదు. అంతకాలం పాటు అని చెప్పవలసిన చోట ద్వితీయా విభక్తి రావాలి కనుక ‘షష్టిం వర్షసహస్రాణి’ అన్నదే వ్యాకరణానికి నిలుస్తుంది. చెక్కినవాడు సున్నను వలపలగిలకగా, అంటే ‘ర్’ గుర్తుగా, పొరబడి ఉంటాడు.

శాసనాభిమాని: మాస్టారూ, తెలుగు లిపిలో సున్న ‘వ’కు ముందు, వలపలగిలక ‘వ’ తరువాత వస్తాయి; అవి రెండూ కలగాపులగం కావడం కష్టం. అయితే విజయనగర రాజుల రాగిరేకులు చాలావరకు దేవనాగరికి దగ్గరి పాత లిపి అయిన నందినాగరిలో ఉన్నాయి. మీ ఊహకు ప్రాణం పోయాలంటే ఆ రెండు గుర్తులను అక్కడ ఎలా చెక్కారో చూడవలసిందే.

ఖజానా శాఖ విశ్రాంత ఉద్యోగి: పురుగు సంగతి పక్కన పెట్టి అసలు ప్రశ్నకు వద్దాం. శాసనసభ ఆమోదించిన ఒకే గ్రాంటు లోపల, ఒక పద్దులో మిగిలిన సొమ్మును మరొక పద్దుకు మార్చడానికి నిబంధనలు అనుమతిస్తాయి. దానిని మేము రీఅప్రాప్రియేషన్ అనేవాళ్లం. ఒక గ్రాంటు నుంచి మరొక గ్రాంటుకు మాత్రం సభ అనుమతి లేకుండా పైసా కదలదు. పత్రికలు రెండింటినీ ‘నిధుల మళ్లింపు’ అనే రాయడం వల్ల, నియమం ప్రకారం నడుచుకున్న గుమాస్తా కూడా దొంగలా కనిపిస్తాడు. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి పంచాయతీలకు సిఫారసు చేసిన గ్రాంట్లలో 60 శాతం తాగునీరు, పారిశుధ్యాలకు కట్టుబడినవి. ఆ టైడ్ సొమ్ముతో వీధి దీపాలు కొంటే అప్పుడు మళ్లింపు అనండి, ఒప్పుకుంటాను. ఇక మార్చి 31 నాటికి ఖర్చు కాకపోతే మురిగిపోతాయన్నది నిజమే గాని, మిగులుతుందని ముందే తెలిసి అప్పగించడాన్ని సరెండర్ అంటారు. మీ పట్టికలో అది లేదు.

మరొక సభ్యుడు: ‘మంజూరు’ను ఎవరూ పట్టించుకోలేదేమి? అది నజరు నుంచి వచ్చింది, అనగా దొరగారి చూపు పడినది. నజరానా కూడా ఆ కుటుంబమే.

శాసనాభిమాని: కాదు. అరబీలో మంజూరు, నజరు అన్నవాటి ‘జ’ వేరు, మొక్కుబడి అర్థంలోని నజ్ర్, దాని నుంచి వచ్చిన నజరానాల ‘జ’ వేరు. తెలుగు రెండింటినీ ఒక్క ‘జ’లో కలిపేసింది.

సంస్కృతం మాస్టారు: అరబీ ఎందుకు, మనకు ‘ధారాదత్తం’ ఉన్నది కదా! చేతిలో నీళ్లు ధారపోసి ఇచ్చేదే గ్రాంటు. రాజరాజనరేంద్రుడు నారాయణభట్టుకు నందంపూడి అగ్రహారం ఇచ్చినప్పుడు ఆ శాసనాన్ని రచించినవాడు సాక్షాత్తు నన్నయ. భారత రచనలో తోడు నిలిచినవానికి దానపత్రం కూడా తానే రాసిన కవిని ఏ భాషలో చూపగలరు? ఆయన ‘అక్షరరమ్యత’ రాజుగారి పత్రానికి కూడా దక్కింది.

అనువాదకురాలు: నన్నయ మీద నాకూ భక్తి ఉన్నది గాని, ‘పరిశోధకునికి పది లక్షలు ధారాదత్తం చేశారు’ అని రాస్తే నేడు విచారణ కమిటీ వేస్తారు. ప్రభుత్వ భూములను అయినవారికి కట్టబెట్టారని తిట్టడానికే ఇప్పుడు ఆ మాట మిగిలింది. పోనీ, డిస్‌బర్స్‌కు ఏమంటారు? ‘పంపిణీ’ అంటే చీరలు పంచినట్టు ఉన్నది.

ఖజానా శాఖ విశ్రాంత ఉద్యోగి: ‘చెల్లింపు’ అనండి. అయితే ఆ పని చేసే డ్రాయింగ్ అండ్ డిస్‌బర్సింగ్ ఆఫీసరును నా సర్వీసులో ఎవరూ తెలుగు చేయలేదు, అందరికీ డీడీఓగారే.

సంస్కృతం మాస్టారు: నందినాగరి రేకు ఏదైనా ఉంటే ఫొటో పెట్టండి. ‘షష్టి’ తరువాత ఉన్నది సున్నో వలపలగిలకో నేనే చూస్తాను.