రాత్రి మంచుకు బాంజో తోలు వదులైపోతోంది, ఏం చేయాలి?

నాది ఓపెన్‌బ్యాక్ (వెనక తెరిచి ఉండే) ఐదు తీగల బాంజో, ముందు డప్పులా బిగించిన దూడతోలు మూత, నైలాన్ రకం తీగలు, వాటిని తోలు మీద ఎత్తి పట్టే అర అంగుళం బ్రిడ్జ్. గోటితో తీగల్ని కిందికి కొట్టే క్లాహ్యామర్ పద్ధతిలో వాయిస్తాను. ఇంట్లో ఏసీలో చక్కగా పలుకుతుంది. కానీ ఇక్కడ వర్జీనియా, నార్త్ కరోలినా కొండల్లో జరిగే ఫిడ్లర్స్ కన్వెన్షన్లలో (పాతకాలపు జానపద సంగీతం పండగల్లో) అసలు సంగీతమంతా రాత్రి టెంట్ల దగ్గరే కదా, సరిగ్గా అప్పుడే, తొమ్మిది దాటి మంచు పడటం మొదలవగానే తోలు సాగి, బ్రిడ్జ్ కిందికి దిగి, మూడో తీగ మొదటి ఐదు ఫ్రెట్లలో (మెడ మీది మెట్లలో) జర్రుమంటోంది. డబుల్ సి శ్రుతిలో ఉండి రెండో ఫ్రెట్‌కి కాపో (తీగలన్నీ నొక్కి శ్రుతి పెంచే బిగింపు) పెడితే ఇంకా ఘోరం.

తోలుని చుట్టూ లాగి పట్టే హుక్కులు బిగించి చూశాను. మర్నాడు ఎండకి తోలు బిర్రబిగిసి తీగలు పైకి లేచాయి, చిరుగుతుందేమోనని ఒకటే టెన్షన్. 5/8 అంగుళం బ్రిడ్జ్ వేస్తే రాత్రికి సరిపోయింది గానీ పగలు తీగలు నొక్కలేకపోతున్నాను. డప్పు కాచినట్టు స్టవ్ సెగ చూపించినా కాసేపే నిలిచింది. ప్లాస్టిక్ మూతకి మారమంటున్నారు, ఈ మెత్తటి నాదం వదులుకోవడానికి నాకు మనసొప్పట్లేదు.

ఆగస్టులో వర్జీనియాలోని గాలాక్స్ ఊళ్లో జరిగే కన్వెన్షన్‌కి వెళ్తున్నాను, 1935 నుంచి జరుగుతున్న పండగ. తోలు మూతతోనే రాత్రంతా వాయించేవాళ్లు హుక్కులు ఏ పూట, ఎంతవరకు బిగిస్తున్నారో చెప్పగలరా?